బొమ్మలో లేని పూలకుండీ

1920ల చివర్లో లండన్‌లోని ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో అట్కిన్సన్స్ అనే సెంటు దుకాణం ముందు జనం ఆగి మరీ చూసేవారు. అద్దం వెనక ఖరీదైన ఆకుపచ్చ ఆర్కిడ్లు, వాటి పక్కనే పొలం కంచెలకు అల్లుకునే పిచ్చి తీగలు, ఆకు రాలే కాలంలో ఎర్రబారిన ఆకులు. ఎవరూ డబ్బిచ్చి కొనని వాటిని అంత అందంగా అమర్చిన మనిషి కాన్‌స్టన్స్ స్ప్రై. అంతకుముందు ఆమె తూర్పు లండన్‌లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు చదువుకునే బడికి హెడ్మిస్ట్రెస్. నలభై దాటాక పూల కొట్టు పెట్టింది. 1934లో ఆ కొట్టు లండన్‌లోనే మేఫెయిర్‌కి మారేనాటికి సుమారు 70 మంది పనిచేస్తున్నారు. కూరగాయల గంపలోంచి కేల్ ఆకులు తీసి గులాబీల మధ్య గుచ్చడానికి ఆమె జంకలేదు.

మన ఊళ్లో సాయంత్రం పూట మల్లెలు మూరలెక్కన అమ్మే ఆమెకు బోర్డు అక్కర్లేదు. తడి గోనెపట్టా మీద చుట్టలుగా పెట్టిన దండలు, గుప్పిటతో చిలకరించే నీళ్లు, వీధి మలుపు దాకా పాకే వాసన చాలు. చలిదేశాల కొట్లలో పూలు గాజు తలుపుల అవతల ఉంటాయి. వాసన బయటికి రాదు. దారిన పోయే మనిషిని కంటితోనే ఆపాలి. ఆ పని స్ప్రైలా చేసినవాళ్లు అరుదు. ఆమె అద్దం ముందు నిలబడిన మనిషికి సరుకు కాదు, రేపు తన ఇంటి బల్ల మీద ఏం పెట్టుకోవచ్చో కనిపించేది.

ఆమెకు ఒక తరం ముందే అమెరికా పూలవాళ్లు ఇంకో చిక్కులో ఉన్నారు. పువ్వుకు బ్రాండు లేదు. ఒక కొట్టువాడు గులాబీల గురించి పేపర్లో ప్రకటన వేస్తే, అది చదివినవాళ్లు పక్క కొట్లో కొనుక్కోవచ్చు. పైగా సరుకు నాలుగు రోజుల్లో వాడిపోతుంది. అందుకే వాళ్లు పోటీ పక్కనపెట్టి చేతులు కలిపారు. 1910లో 15 మంది వ్యాపారులు టెలిగ్రాఫ్ మీద ఆర్డర్లు ఇచ్చిపుచ్చుకునే సంఘం పెట్టుకున్నారు. దూరపు ఊరికి పూలు రైల్లో పంపితే వాడిపోతాయి; కబురు పంపితే అక్కడి కొట్టువాడే తాజా గుత్తి కట్టి ఇంటికి చేరుస్తాడు. 1914లో రోమన్ల దూత దేవుడు మెర్క్యురీ ఆ సంఘానికి గుర్తు అయ్యాడు.

1917లో బోస్టన్ పూల వ్యాపారి హెన్రీ పెన్, ప్రకటనల మనిషి ప్యాట్రిక్ ఓకీఫ్ కలిసి 'పూలతో చెప్పండి' అన్న నినాదం తెచ్చారు. ఏం చెప్పాలన్నది కొనేవాళ్లకే వదిలేశారు. ప్రేమ కావచ్చు, క్షమాపణ కావచ్చు, పరామర్శ కావచ్చు. తోటలవాళ్లు, టోకువాళ్లు, చిల్లర కొట్లవాళ్లు తలా కొంత చందా వేసుకుని దాన్ని దేశమంతా తిప్పారు.

కానీ అదే ప్రచారం ఒక కూతుర్ని చాలా నొప్పించింది. అన్నా జార్విస్ తల్లి 1905లో పోయింది. ఆవిడకు తెల్ల కార్నేషన్లంటే ఇష్టం. 1908 మే 10న వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ చర్చిలో తల్లుల కోసం ప్రార్థన జరిగితే, అన్నా 500 తెల్ల కార్నేషన్లు పంపింది. 1914లో ప్రెసిడెంటు విల్సన్ మే రెండో ఆదివారాన్ని మదర్స్ డేగా ప్రకటించాడు. ఆ రోజుకు తెల్ల కార్నేషన్లు చాలేవి కావు, ధర ఎగబాకేది. తల్లి బతికి ఉంటే రంగు పువ్వు, లేకపోతే తెల్లది పెట్టుకోవాలన్న పద్ధతిని పూలవాళ్లు ప్రచారం చేశారు. దాంతో అన్ని రంగులూ అమ్ముడుపోయాయి. అమ్మ పేరు మీద జరుగుతున్న ఈ వ్యాపారం మీద అన్నా బతికినంత కాలం పోరాడింది. 1925లో ఫిలడెల్ఫియాలో, కార్నేషన్లు అమ్మి చందాలు పోగుచేస్తున్న ఒక సభలో గొడవపడితే పోలీసులు పట్టుకెళ్లారు. ఆమె కోపంలో న్యాయం ఉంది.

1934లో అమెరికా తపాలా శాఖ తల్లుల గౌరవార్థం మూడు సెంట్ల స్టాంపు వేసింది. దాని మీద చిత్రకారుడు విస్లర్ గీసిన తన తల్లి బొమ్మ. అసలు బొమ్మలో ఆవిడ బూడిదరంగు గోడ పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంటుంది. స్టాంపులో మాత్రం ఎడమవైపు కింది మూలన కొత్తగా కార్నేషన్ల కుండీ ఒకటి వచ్చి చేరింది.