జంతు అస్థికల గుర్తింపు: బిలసర్గం గుహల నుండి సిద్ధిపేట సమాధుల వరకు

వ్యాససంగ్రహం:
తవ్వకాలలో లభించిన జంతువుల ఎముకలు ప్రాచీన మానవుల వేటకు, చేపల పట్టుబడికి ప్రత్యక్ష సాక్ష్యాలుగా పరిగణింపబడుతున్నాయి. అయితే ఎముక ఏ జంతువుదో తేలినంత మాత్రాన దానిని మనిషే వేటాడాడని చెప్పడానికి వీలులేదు. దానిని అక్కడికి చేర్చినది ఎవరు, అది ఇంతకాలం నిలవడానికి కారణం ఏమిటి అనే ప్రశ్నలకు కూడా సమాధానం కావాలి. కర్నూలు గుహలలోని అస్థికలపై 1844 నుండి సాగిన పరిశోధన చరిత్రను ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని నిరూపించడం, ఆ పాఠాన్ని తెలంగాణలోని సిద్ధిపేట ప్రాంతానికి అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జంతు అస్థికలు, బిలసర్గం, రాబర్ట్ బ్రూస్ ఫుట్, లైడెక్కర్, ముచ్చట్ల చింతమాను గవి, సిద్ధిపేట, బృహత్ శిలాయుగం.

1. ప్రవేశిక:
తెలుగు నేలపై వేటను గురించి చెప్పే ఆధారాలు మూడు విధాలు: రాతి పనిముట్లు, శిలాచిత్రాలు, అస్థికలు. పనిముట్టు వేటకు ఉపయోగపడిందని ఊహించగలం. చిత్రం వేటను చూపుతుంది. వేటాడబడిన జంతువు శరీరంలోని భాగం మాత్రం ఎముకే. ఈ కారణం చేతనే చరిత్రకారులు ఎముకల జాబితాలను ఎక్కువగా విశ్వసించారు. ఆ విశ్వాసానికి హద్దు ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి తెలుగు ప్రాంతంలో బిలసర్గం కంటె మంచి ఉదాహరణ దొరకదు.

2. బిలసర్గం - తొలి గుర్తింపులు:
బిలసర్గం గుహలు నేటి నంద్యాల జిల్లా బేతంచెర్ల సమీపంలో సున్నపురాతి కొండలలో ఉన్నాయి. ఇక్కడి ఎముకల నిక్షేపాలను గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో తొలిసారిగా రాశాడు. నాలుగు దశాబ్దాల తరువాత టి.హెచ్. హక్స్‌లీ సూచనపై మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ ఆసక్తి చూపడంతో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహలను పరిశీలించాడు. ఆయన కుమారుడు లెఫ్టినెంట్ హెన్రీ బ్రూస్ ఫుట్ 1885 వరకు తవ్వకాలు సాగించాడు. కథీడ్రల్, చార్నెల్ హౌస్, పర్గేటరీ అనే గుహల పేర్లు ఆనాటివే. చార్నెల్ హౌస్ అంటే ఎముకల కొట్టు. ఆ పేరే అక్కడి నిక్షేపం స్వభావాన్ని తెలుపుతుంది.

అస్థికలను గుర్తించే పని రిచర్డ్ లైడెక్కర్‌కు అప్పగించారు. ఆయన 1886లో వెలువరించిన నివేదికలో ఖడ్గమృగం, దుమ్ములగొండి, ఏదుపంది, పునుగుపిల్లి, కోతి జాతులు, జింకలు, పశువులు మొదలైనవి ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఆయన అంతరించిన కొత్త జాతులుగా భావించి కర్నూలు పేరుతోనే నామకరణం చేశాడు. మరికొన్నింటిని ఆఫ్రికా జంతువులతో పోల్చాడు. పోల్చడానికి ఆయన వద్ద ఉన్నవి మ్యూజియంలలోని అస్థిపంజరాలు, ముద్రిత చిత్రాలు. ఏ గుర్తింపైనా పోలిక కోసం అందుబాటులో ఉన్న నమూనాల పరిధిని దాటలేదు. జాతి పేరు తరువాతి కాలంలో మారడానికి ఇదే ప్రధాన కారణం.

3. పనిముట్టా, కొరికిన ఎముకా?
ఫుట్ ఈ ఎముకలలో అనేకం మనిషి చెక్కిన పనిముట్లని భావించాడు. సూదులు, బాణపు మొనలు, గీకుడు పనిముట్లుగా వాటిని వర్గీకరించి ఐరోపాలోని ప్రాచీన శిలాయుగపు చివరి దశతో పోల్చాడు. ఆ వస్తువుల సేకరణ తరువాత కనిపించకుండా పోవడంతో వాటిని తిరిగి పరీక్షించే అవకాశం పరిశోధకులకు లేకపోయింది. వర్ణన మిగిలింది, వస్తువు మిగలలేదు.

ఇటువంటి సమస్యే దక్షిణాఫ్రికాలోనూ తలెత్తింది. మకపాన్స్‌గాట్ గుహలోని ఎముకలు, పళ్లు, కొమ్ములు ఆదిమానవుల ఆయుధాలని రేమండ్ డార్ట్ 1957లో ప్రతిపాదించాడు. సి.కె. బ్రెయిన్ దీనిని పరీక్షించడానికి నమీబియాలోని మేకల కాపరుల పల్లెలలో తిని పారవేసిన ఎముకలను లెక్కించాడు. మనుషులు తిన్న తరువాత కుక్కలు కొరికిన ఆ ఎముకలలో ముందుకాలి భుజపు ఎముక కిందికొన విరివిగా మిగిలింది, పైకొన దాదాపుగా మిగలలేదు. కిందికొన గట్టిది, త్వరగా అతుక్కునేది. పైకొన మెత్తనిది, ఆలస్యంగా అతుక్కునేది. అంటే గుహలో కొన్ని భాగాలే ఎక్కువగా కనిపించడానికి మనిషి ఎంపిక అవసరం లేదు, ఎముక గట్టితనమే చాలు. బ్రెయిన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో చిరుతలు, దుమ్ములగొండ్లు, ఏదుపందులు గుహలలో ఎముకలను పోగుచేసే తీరును వివరించాడు.

ఈ వివరణ బిలసర్గానికి నేరుగా వర్తిస్తుంది. లైడెక్కర్ జాబితాలోనే దుమ్ములగొండి, ఏదుపంది ఉన్నాయి. అవి గుహలో దొరికిన జంతువులు మాత్రమే కావు, గుహకు ఎముకలు చేర్చగలిగిన జంతువులు కూడా. కాబట్టి జాబితాలోని ప్రతి జింకనూ మనిషి వేటగా లెక్కించడం సమంజసం కాదు.

4. ముచ్చట్ల చింతమాను గవి, తరువాతి పరిశోధనలు:
ఈ సందేహం నివృత్తి కావాలంటే ఎముకలు మానవ నివాసపు ఇతర ఆధారాలతో కలిసి ఒకే పొరలో దొరకాలి. ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో జరిపిన తవ్వకాలకు ప్రాముఖ్యం ఇందువల్లనే వచ్చింది. 1974లో ప్రకటించిన ఆయన పరిశోధనలో రాతి పనిముట్లు, ఎముక పనిముట్లు, జంతు అస్థికలు ఒకే సందర్భంలో పరిశీలించబడ్డాయి. అక్కడి పొయ్యిలోని కాలిన మట్టికి ఉష్ణదీప్తి పద్ధతి ద్వారా సుమారు 17,000 సంవత్సరాల వయస్సు నిర్ణయించి 1983లో ప్రకటించారు. మంట పెట్టినది మనిషి. ఆ మంట చుట్టూ ఉన్న ఎముకను గురించి మాట్లాడే హక్కు చార్నెల్ హౌస్‌లోని ఎముక కంటె ఎక్కువగా లభిస్తుంది.

బిలసర్గం అస్థికలను పాట్రిక్ రాబర్ట్స్ బృందం కొత్త కాలనిర్ణయాలతో 2014లో తిరిగి పరిశీలించింది. సుమారు 2,00,000 సంవత్సరాల కాలవ్యవధిలో తాము గుర్తించిన 21 క్షీరద వర్గాలలో 20 కొనసాగాయని ఆ బృందం ప్రకటించింది. అంతరించిన వింత జంతువుల గుహగా పేరుపడిన చోటు, పరిశీలన మారేసరికి జంతుజాలపు కొనసాగింపుకు సాక్ష్యమైంది.

5. గుర్తింపు జరిగే విధానం:
ఎముక చేతికి వచ్చినప్పుడు అది శరీరంలో ఏ భాగం, కుడిదా ఎడమదా, ఏ జంతువుది, ఎంత వయస్సులో చనిపోయింది అనే క్రమంలో పరిశీలన సాగుతుంది. కొనలు అతుక్కున్న స్థితి, పళ్ల మొలక, అరుగుదల వయస్సును తెలుపుతాయి. గొర్రె, మేక ఎముకలను వేరుచేయడం కష్టం. బోయెస్‌నెక్ 1969లో ఇచ్చిన లక్షణాలు ఇప్పటికీ ఆధారంగా ఉన్నాయి. మన ప్రాంతంలో ఈ చిక్కు మరింత పెరుగుతుంది. కృష్ణజింక, కొండగొర్రె పరిమాణంలో గొర్రె, మేకలకు దగ్గరగా ఉంటాయి. పశువు, గేదె, మనుబోతు ఎముకలు ముక్కలైనప్పుడు ఒకదానిలాగ మరొకటి కనిపిస్తాయి. ఒక ముక్కను మేకగా రాస్తే ఆ చోటు కాపరుల నివాసం అవుతుంది, కృష్ణజింకగా రాస్తే వేటగాళ్ల మజిలీ అవుతుంది. తేల్చలేని ముక్కను "చిన్న నెమరుజంతువు" అని మాత్రమే నమోదు చేయడం శాస్త్రీయమైన పద్ధతి.

లెక్కింపులోనూ జాగ్రత్త అవసరం. ఒకే జాతికి చెందిన ఎడమ మడమ ఎముకలు ఏడు, కుడివి ఐదు దొరికితే కనీసం ఏడు జంతువులు ఉన్నట్లు. మొత్తం ముక్కల సంఖ్య ఇందుకు భిన్నమైనది. ఒకే ఎముక పది ముక్కలైతే పదిగానే లెక్కకు వస్తుంది.

ఉపరితలంపై గుర్తులు మరో ఆధారం. రాతి అంచుతో కోసిన గాటు ఆంగ్ల 'వి' ఆకారంలో లోతుగా ఉండి లోపల సన్నని సమాంతర గీతలు కలిగి ఉంటుంది. మాంసాహార జంతువు పంటి గాడి గుండ్రని అడుగుతో ఉంటుంది. ఏదుపంది కొరికిన చోట వెడల్పైన జంట గాళ్లు వరుసగా కనిపిస్తాయి. కాళ్ల కింద నలిగిన ఎముకపై ఇసుక రేణువుల గీతలు కూడా గాట్లను పోలి ఉంటాయి కనుక ఏటవాలు వెలుగులో సూక్ష్మదర్శినితో చూడకుండా నిర్ణయించరాదు.

6. చేపల ఎముకలు:
చేపల పట్టుబడి విషయంలో తవ్వకపు పద్ధతే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. చేతితో ఏరితే పెద్ద ఎముకలు మాత్రమే దొరుకుతాయి. సన్నని జల్లెడతో మట్టిని నీటిలో జల్లిస్తేనే చిన్న వెన్నుపూసలు, చెవిరాళ్లు లభిస్తాయి. జెల్ల జాతుల రొమ్ము ముల్లు గట్టిది, చూడగానే గుర్తించదగినది. బొచ్చె వంటి చేపలకు దవడలో పళ్లు ఉండవు, గొంతులోని పళ్ల ఆధారంగానే వాటిని గుర్తించాలి. ఇది తెలియని చోట జెల్లలే ఎక్కువ తిన్నారని తప్పు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది. నదీతీరంలోని నివాసంలో చేప ఎముకలు లేవని చెప్పే ముందు జల్లెడ పట్టారా అని అడగాలి.

7. సిద్ధిపేట నేల:
కర్నూలు గుహలలో ఎముకలు నిలిచి ఉండటానికి ప్రధాన కారణం సున్నపురాయి. ఎముకలోని ఖనిజం ఆమ్లగుణం గల నేలలో కరిగిపోతుంది, సున్నపు నేలలో నిలుస్తుంది. సిద్ధిపేట జిల్లాలో అధికభాగం గ్రానైటు శిలల నేల. ఎర్రని చెలకలలో వర్షపు నీరు సులభంగా ఇంకుతుంది. ఇటువంటి చోట పంటి పింగాణీ, బాగా కాలిన ఎముక తప్ప మిగిలినవి నిలవడం కష్టం. నర్మెట, పుల్లూరు, పాలమాకులలో 2017లో రాష్ట్ర వారసత్వ శాఖ బృహత్ శిలాయుగ సమాధులను తవ్వినప్పుడు మానవ అస్థికలు లభించాయి. డి.ఎన్.ఎ. పరీక్షకు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తల సహకారం తీసుకున్నారు. రాతి గూడులో మూసి ఉన్న సమాధి ఎముకను కొంత కాపాడగలిగింది. బహిరంగ నివాస స్థలానికి ఆ రక్షణ లేదు. కాబట్టి ఈ ప్రాంతపు నివాస స్థలాలలో ఎముకలు తక్కువగా ఉన్నాయన్న ఒక్క కారణంతో అక్కడివారు వేటాడలేదని, చేపలు పట్టలేదని చెప్పరాదు.

మరొక విషయం కాలానికి సంబంధించినది. మల్లన్నసాగర్ జలాశయం కింద కొండపాక మండలంలోని ఎర్రవల్లి సహా పలు గ్రామాలు ముంపునకు గురయ్యాయి. ఊరి నేల నీటి కిందికి పోయిన తరువాత అక్కడి మట్టిని జల్లించే అవకాశం తిరిగి రాదు. ఫుట్ సేకరణ పోయినప్పుడు వర్ణన అయినా మిగిలింది. సేకరించనిదానికి వర్ణన కూడా ఉండదు.

8. ముగింపు:
బిలసర్గం అస్థికల చరిత్ర మూడు విషయాలను స్పష్టం చేస్తున్నది. ఎముకను చేర్చినది ఎవరో తేలనిదే జాతి పేరు వేటకు సాక్ష్యం కాదు. గుర్తింపు తాత్కాలికమైనది కనుక వస్తువును భద్రపరచడం నివేదిక రాయడంతో సమానమైన బాధ్యత. నేల స్వభావం, జల్లెడ పరిమాణం తెలపని జాబితా నుండి "లేదు" అనే నిర్ణయం చేయరాదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో మన అడవి జంతువుల, మంచినీటి చేపల అస్థిపంజరాలతో పోలిక సేకరణలు ఏర్పడితే, చరిత్ర విద్యార్థి ఇతరుల జాబితాపై ఆధారపడకుండా ఎముకను స్వయంగా ప్రశ్నించగలుగుతాడు.