ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్: లినక్స్ బూట్‌లో మధ్య అంచె

లినక్స్ కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు, డిస్కులోని అసలు ఫైల్‌సిస్టమ్ చేతికందేలోపు, కొద్ది క్షణాలపాటు మెమరీలో నడిచే చిన్న ఫైల్‌సిస్టమ్‌ను ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అంటారు. రూట్ పార్టిషన్ ఎక్కడుందో వెతికి, అవసరమైతే తాళం తీసి, మౌంట్ చేసి, అక్కడి ఇనిట్ ప్రోగ్రామ్‌కు పగ్గాలు అప్పగించి తప్పుకోవడం దీని పని. ఈ అంచె నిజంగా కావాలా, కెర్నెలే నేరుగా డిస్కును అందుకోలేదా అన్న వాదన లినక్స్ వాడేవాళ్లలో రెండు దశాబ్దాలకు పైగా నలుగుతోంది.

అంచె లేని దారి చాలా పొట్టిది. ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌ను లేపుతుంది, బూట్‌లోడర్ కెర్నెల్‌ను లోడ్ చేస్తుంది. కెర్నెల్ తనకు చెప్పిన పార్టిషన్‌ను మౌంట్ చేసి, అందులోని ఇనిట్‌ను ఒకటో నంబరు ప్రాసెస్‌గా నడుపుతుంది. తన యంత్రంలో ఏ డిస్కు కంట్రోలర్ ఉందో తెలిసి, దాని డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే కంపైల్ చేసుకున్నవాళ్లకు ఇప్పటికీ ఇది చక్కగా పనిచేస్తుంది. చిక్కు డిస్ట్రిబ్యూషన్లకు వచ్చింది. ఎవరి యంత్రంలో ఏముందో వాటికి తెలియదు. ఉన్న డ్రైవర్లన్నీ కెర్నెల్‌లో కుక్కితే అది ఊబకాయమవుతుంది. మాడ్యూళ్లుగా విడదీసి డిస్కులో పెడితే, ఆ డిస్కును చదవడానికి కావలసిన డ్రైవరూ అందులోనే ఉండిపోతుంది, పెట్టె తాళంచెవి పెట్టెలోనే పడిపోయినట్టు.

దీనికి తొలి పరిష్కారం ఇనిట్‌ఆర్‌డీ. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్, హాన్స్ లెర్మెన్ రాసిన ఈ ఏర్పాటు 1996లో 1.3 వరుస కెర్నెళ్లలో చేరింది. అది మెమరీలో ఒక డిస్కు బొమ్మ. దానికో ఫైల్‌సిస్టమ్, దాన్ని చదివే డ్రైవర్ కెర్నెల్‌లో ఉండాల్సిందే. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ స్థిరపడింది. ఇందులో డిస్కు బొమ్మ ఉండదు. ఒక సీపీఐఓ ఆర్కైవ్‌ను కెర్నెల్ తన మెమరీ ఫైల్‌సిస్టమ్‌లోకి విప్పుకుంటుంది. అందులో 'ఇనిట్' అనే ఫైలు ఉంటే దాన్ని నడుపుతుంది, లేకపోతే పాత పొట్టి దారే పడుతుంది. వాదనలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఇక్కడ ఉంది: 2.6 నుంచి ప్రతి కెర్నెల్‌లోనూ ఒక ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉంటుంది, ఖాళీదైనా సరే. తేడా అంతా లోపల ఏం పెట్టామన్నదే.

కెర్నెల్ ఒంటరిగా చేయలేని పనులు ఏళ్లు గడిచేకొద్దీ పెరిగాయి. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో పాత 0.90 మెటాడేటా ఉన్న డిస్కులను అది తనంతట తానే కూర్చుకోగలదు. 1.x రకాన్ని మాత్రం ఎండీఏడీఎమ్ వంటి బయటి ప్రోగ్రామే కూర్చాలి. ఎల్‌వీఎమ్ వాల్యూమ్‌ల సంగతీ అంతే. ఎన్‌క్రిప్ట్ చేసిన రూట్‌కు పాస్‌ఫ్రేజ్ అడగాలంటే తెర, కీబోర్డు, తాళం తీసే క్రిప్ట్‌సెటప్ ప్రోగ్రామ్ ముందే సిద్ధంగా ఉండాలి. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని చూసి రూట్‌ను గుర్తుపట్టడం కూడా కెర్నెల్‌కు రాదు. యూయూఐడీలలో పార్టిషన్ టేబుల్‌లో ఉండే పార్ట్‌యూయూఐడీ ఒక్కటే దానికి అర్థమవుతుంది.

వ్యతిరేకించేవాళ్ల అభ్యంతరాలూ గాలివాటం మాటలు కావు. ఈ ఆర్కైవ్ అసలు సిస్టమ్‌కు ఒక పాక్షిక నకలు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల జాబితా ఉండే క్రిప్ట్‌ట్యాబ్ ఫైలులో ఒక వరుస మార్చి, ఆర్కైవ్‌ను మళ్లీ తయారుచేయడం మరిచిపోతే, పాత నకలే బూట్‌ను నడుపుతుంది. తప్పు జరిగిందని ఆ రోజు తెలియదు, తర్వాత రీబూట్ చేసినప్పుడు తెలుస్తుంది. తయారుచేసే పనిముట్లు కూడా తలో రకం: డెబియన్‌లో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్, ఫెడోరాలో డ్రాకట్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట అక్కరకు రాదు. ఒక్కో కెర్నెల్‌కు ఒక్కో ఆర్కైవ్ పేరుకుపోయి, చిన్న బూట్ పార్టిషన్ నిండిపోవడం, అప్‌డేట్ మధ్యలో ఆగిపోవడం సర్వర్లు చూసుకునేవాళ్లకు బాగా తెలిసిన బాధ.

అయితే బూట్ చెడిన రోజు రెండు తెరలను పక్కపక్కన పెట్టి చూడాలి. అంచె లేని యంత్రంలో రూట్ దొరక్కపోతే, ఫలానా బ్లాక్ డివైస్‌ను మౌంట్ చేయలేకపోయానని చెప్పి కెర్నెల్ పానిక్ అవుతుంది. ఇక ఒక్క కమాండ్ కూడా ఇవ్వలేం. అదే డెబియన్‌లో అయితే, ఫలానా యూయూఐడీ కనిపించడం లేదన్న హెచ్చరిక కింద బిజీబాక్స్ షెల్ తెరుచుకుంటుంది. అక్కడ బీఎల్‌కేఐడీ నడిపి ఏ డిస్కులు కనబడుతున్నాయో చూడవచ్చు, విడిపోయిన రెయిడ్‌ను చేత్తో కూర్చవచ్చు, 'ఎగ్జిట్' కొడితే బూట్ ముందుకు సాగుతుంది. జటిలతను తెరిచి చూడగలిగేచోట పెట్టడం ఈ ఏర్పాటుకున్న అసలు బలం. ఇదే పని కెర్నెల్ లోపల జరిగితే ఆ అవకాశం ఉండదు.

వాదన బాగా వేడెక్కింది 'యూఎస్ఆర్' డైరెక్టరీ దగ్గర. దాన్ని వేరే పార్టిషన్‌లో పెట్టుకోవడం యూనిక్స్ కాలం నుంచీ ఉన్న అలవాటు. పరికరాలను గుర్తించి సిద్ధం చేసే యూడెవ్ నియమాలు పిలిచే ప్రోగ్రాములు, లైబ్రరీలు యూఎస్ఆర్‌లో ఉండేసరికి, అది మౌంట్ కాకముందే వాటి అవసరం రావడం మొదలైంది. ఫెడోరా 2012లో 17వ విడుదలతో బిన్, లిబ్ డైరెక్టరీలను యూఎస్ఆర్‌లో కలిపేసింది. వేరే యూఎస్ఆర్ ఉంచుకోదలిస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తప్పనిసరి అని 2013లో జెంటూ ప్రకటించింది. సొంతంగా కెర్నెల్ కంపైల్ చేసుకోవడమే గర్వంగా భావించే సమాజానికి ఆ మాట గట్టిగానే తగిలింది. సిస్టమ్‌డీ అనే కొత్త ఇనిట్ వ్యవస్థపై అప్పటికే ఉన్న కోపం దీనితో కలిసిపోయి, రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకే గొడవగా కనిపించసాగాయి.

భద్రత కోణంలో మాత్రం అభ్యంతరం నేటికీ బలంగా ఉంది. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో షిమ్, గ్రబ్ అనే బూట్‌లోడర్ల, కెర్నెల్ సంతకాలు సరిచూస్తారు. ఆ యంత్రంలోనే తయారైన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కు మామూలుగా సంతకం ఉండదు. డిస్కు పాస్‌ఫ్రేజ్ అడిగేది సరిగ్గా అదే! ఎన్‌క్రిప్ట్ చేయని బూట్ పార్టిషన్‌లో దాన్ని మార్చేసి పాస్‌ఫ్రేజ్ దొంగిలించడం యంత్రం చేతికి చిక్కినవాళ్లకు పెద్ద కష్టం కాదు. కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, కమాండ్ లైన్ మూడింటినీ ఒకే ఈఎఫ్‌ఐ ఫైలుగా కట్టి సంతకం చేసే ఏకీకృత కెర్నెల్ ఇమేజ్ దీనికి జవాబు. అలా కట్టాక, యంత్రం యజమాని తన అవసరానికి లోపల ఏదైనా మార్చుకోవాలంటే సంతకం చేసే తాళంచెవులు కూడా తన దగ్గర ఉండాలి.

ఇక ఈ అంచె నిజంగా కావాలా అన్న మొదటి ప్రశ్నకు వస్తే, ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌తో రూట్ ఒక్కటే ఉండి, ఎన్‌క్రిప్షన్ గానీ ఎల్‌వీఎమ్ గానీ లేని యంత్రంలో, డిస్కు డ్రైవర్‌నూ ఎక్స్‌ట్4నూ కెర్నెల్‌లో కలిపి, రూట్‌ను పార్ట్‌యూయూఐడీతో సూచిస్తే ఈ అంచెను తీసేయవచ్చు. ఎంబెడెడ్ బోర్డులలోనూ, చిన్న వర్చువల్ మెషీన్లలోనూ నేటికీ చాలామంది అలాగే చేస్తున్నారు.