పదకొండున్నర పౌండ్లు, రెండు గౌరవ పట్టాలు

విశ్వవిద్యాలయాలు తమ పాత విద్యార్థులను పిలిచి సన్మానించుకోవడం ఒక ఆచారం. రజతోత్సవమో, శతాబ్ది ఉత్సవమో వస్తుంది. పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు, అవార్డులు వచ్చినవాళ్లు వేదికెక్కుతారు. శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు, ఫోటో తీస్తారు. అమెరికాలో పాత విద్యార్థులు ఏటా తిరిగొచ్చే ఉత్సవానికి 'హోమ్‌కమింగ్' అని పేరు. ఇంటికి రావడం అన్నమాట. మాట బాగానే ఉంది. ఐతే చదువుకున్న చోటు ఎవరికి ఇల్లయింది, ఎవరికి అద్దె గది కూడా కాలేకపోయింది అనే ప్రశ్న ఆ మాటలోనే దాగి ఉంది. ఒక దళితుణ్ణి తిరిగి పిలిచి గౌరవించేటప్పుడు విశ్వవిద్యాలయం దేన్ని గౌరవిస్తోంది? ఆయన చేరిన ఎత్తునేనా? అక్కడికి ఎక్కనివ్వకుండా అడ్డం పెట్టిన చేతుల్ని, ఎక్కడానికి ఆసరా అయిన నిచ్చెనని కూడా లెక్కలోకి తీసుకుంటోందా? దీన్ని గాల్లో చర్చించకుండా ఒక తేదీ దగ్గర పట్టుకుని చూద్దామని మా ప్రయత్నం. ఆ తేదీ 1952 జూన్ 5. ఆ రోజు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం తన పాత విద్యార్థి భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్‌కు గౌరవ డాక్టర్ ఆఫ్ లాస్ పట్టా ఇచ్చింది.

జీవితచరిత్రల్లో ఈ ఘటన కొద్ది వాక్యాల్లో వెళ్లిపోతుంది. మన కరపత్రాల్లో, వాల్‌పోస్టర్లలో బాబాసాహెబ్ పేరు పక్కన డిగ్రీల వరసలో ఎల్ఎల్.డి., డి.లిట్. అని కనబడతాయి. ఆ వరస చదివి పొంగిపోతాం. పొంగకూడదని కాదు. కానీ అందులో ఏది ఆయన చదివి సంపాదించింది, ఏది ఇంకొకళ్లు ఇచ్చింది, ఇచ్చినవాళ్లు ఎప్పుడు ఇచ్చారు అని విడదీసి చూస్తే తప్ప చరిత్ర కనబడదు.

చదివి సంపాదించిన సంగతి ముందు చూద్దాం. 1912లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పాసయ్యాడు. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయాడు. అదే ఏడాది జూన్‌లో బరోడా సంస్థానంతో ఒప్పందం రాసుకున్నాడు. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్, బదులుగా చదువయ్యాక పదేళ్లు సంస్థానంలో కొలువు. జూలైలో న్యూయార్క్‌లో దిగాడు. వయసు ఇరవై రెండు. ఇంటి దగ్గర భార్య రమాబాయి, పెద్ద కుటుంబం. పదకొండున్నర పౌండ్లలోనే తన తిండి, గది, పుస్తకాలు, ఇంటికి పంపాల్సింది. మన హాస్టల్ పిల్లలకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

కొలంబియాలో ఆయనకు దొరికిన గురువులు సామాన్యులు కారు. అర్థశాస్త్రంలో ఎడ్విన్ సెలిగ్మన్, తత్వశాస్త్రంలో జాన్ డ్యూయీ, చరిత్రలో జేమ్స్ షాట్‌వెల్, జేమ్స్ హార్వీ రాబిన్సన్. 1915లో ఎం.ఏ. వచ్చింది. 1916 మే 9న మానవశాస్త్రవేత్త గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులాల పుట్టుక మీద పత్రం చదివాడు. కులం అంటే చుట్టూ గోడ కట్టుకున్న వర్గమని, ఆ గోడ పేరు స్వకుల వివాహమని అందులో వాదించాడు. ఇరవై ఐదేళ్లు నిండిన విద్యార్థి, అంటరానివాడు, కులం మీద శాస్త్రీయంగా మాట్లాడ్డానికి పన్నెండు వేల కిలోమీటర్లు వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడి ఏ కాలేజీ సెమినార్ గది ఆ పత్రాన్ని విని ఉండేది?

వినకపోవడం సరే, బతకనిచ్చారా? 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరి, లండన్ చదువు సగంలో వదిలి వచ్చాడు. పుస్తకాలు వేసిన ఓడను యుద్ధంలో టార్పిడోతో ముంచేశారు. ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరాడు. కొలంబియాలో హాస్టల్ గది దొరికిన మనిషికి బరోడాలో తల దాచుకోవడానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు దూరం నుంచి విసిరేవాళ్లు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. అక్కడ స్టాఫ్ రూములో కుండ ముట్టుకోవద్దని తోటి ప్రొఫెసర్లు అడ్డం తిరిగారు. ప్రొఫెసర్లండీ, ఊళ్లో చదువురాని వాళ్లు కాదు. అంటరానితనం అజ్ఞానం వల్ల వచ్చిందని ఇప్పటికీ చెప్పేవాళ్లు ఆ కుండ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పిహెచ్.డి. మాటకొస్తే అదీ అంత సులువుగా రాలేదు. సిద్ధాంత గ్రంథాన్ని అచ్చు వేయించి ప్రతులు సమర్పిస్తేనే పట్టా ఇవ్వాలన్నది అప్పటి కొలంబియా నియమం. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన పుస్తకం 1925లో లండన్‌లో అచ్చయింది. పట్టా 1927లో చేతికొచ్చింది. అంటే విద్యార్థిగా చేరిన పద్నాలుగేళ్లకు. ఈ మధ్యలో ఉద్యోగం చేసి కూడబెట్టింది, కొల్హాపూర్ సాహూ మహరాజ్ సాయం, కొలంబియాలో పరిచయమైన పార్సీ మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు, ఇవన్నీ కలిస్తే లండన్ చదువు పూర్తయింది. డిగ్రీల వరస పక్కన ఈ అప్పుల వరస కూడా రాసి పెడితే మన పిల్లలకు ఎక్కువ ధైర్యం వస్తుందని మేం అనుకుంటాం. అద్భుత బాలుడి కథ వాళ్లకు పనికిరాదు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఆగిపోయిందో తెలిసే కథ కావాలి.

1930 డిసెంబర్‌లో, అంటే మొదటి రౌండ్ టేబుల్ సమావేశం లండన్‌లో నడుస్తున్న రోజుల్లో, కొలంబియా పూర్వ విద్యార్థుల పత్రికలో అంబేద్కర్ మాటలు అచ్చయ్యాయి. తన జీవితంలో దొరికిన మంచి స్నేహితులు కొలంబియా సహాధ్యాయులూ, డ్యూయీ, షాట్‌వెల్, సెలిగ్మన్, రాబిన్సన్ లాంటి గురువులూ అని చెప్పుకున్నాడు. పాత విద్యార్థుల పత్రికల్లో ఇలాంటి తీపి మాటలు మామూలే. కానీ ఇవి చెప్పింది, మూడేళ్ల కింద మహద్‌లో చెరువు నీళ్లు తాగినందుకు తన జనం మీద దాడులు చూసిన మనిషి. ఆ పొగడ్తలో స్వదేశంలోని కాలేజీల మీద ఒక అభియోగం ఉంది. చదవగలిగినవాళ్లకు కనబడుతుంది.

ఆ పొగడ్త రాసినాయన కొలంబియా రుణం ఎలా తీర్చాడన్నది మాకు అన్నిటికన్నా ముఖ్యం. పాత విద్యార్థి అంటే సంస్థకు విరాళం ఇచ్చేవాడని లోకం అనుకుంటుంది. 1942 జూలైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యాక, అక్టోబర్‌లో అంబేద్కర్ షెడ్యూల్డు కులాల బాధల మీద మహజరు ఇచ్చాడు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం చెరో 3 లక్షలు ఇస్తోంది గదా, మావాళ్ల చదువుకు ఎందుకివ్వదని ఆయన వాదన. ఏటా 3 లక్షలు మంజూరైంది. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకమే ఇవాళ మనలో చాలామంది డిగ్రీ వెనక ఉన్నది. కొంతమంది విద్యార్థుల్ని విదేశాలకు కూడా పంపారు. ఒక మహారాజు దయ మీద తను ఎక్కిన నిచ్చెనను ప్రభుత్వ ఖజానాకు బిగించాడు. దయగా వచ్చింది హక్కుగా మారింది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1950లో ఔరంగాబాద్‌లో కాలేజీ తెరిచాడు. అదే తర్వాత మిళింద్ కాలేజీ అయింది.

ఇక 1952. ఏ సమయంలో ఆయనకు న్యూయార్క్ నుంచి పిలుపొచ్చిందో చూడండి. హిందూ కోడ్ బిల్లును అటకెక్కించినందుకు 1951 సెప్టెంబర్‌లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. మొదటి సాధారణ ఎన్నికల్లో బొంబాయి ఉత్తర స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి కాజ్రోల్కర్ చేతిలో ఓడిపోయాడు. రాజ్యాంగం రాసిన మనిషికి ఆ రాజ్యాంగం కింద జరిగిన తొలి ఎన్నికలో లోక్‌సభ తలుపు మూసుకుంది. రాజ్యసభ దారిన పార్లమెంటుకు వెళ్లాడు. ఆరోగ్యం చెడింది. అప్పుడు కొలంబియా పిలిచింది. రాజ్యాంగ నిర్మాతల్లో ఒకరని, గొప్ప సంఘ సంస్కర్త అని, మానవ హక్కుల కోసం ధైర్యంగా నిలబడినవాడని ప్రశంసా పత్రంలో రాసింది. పదవి పోయాక, ఎన్నిక ఓడాక ఇచ్చిన గౌరవం కాబట్టి దీనికి విలువ ఎక్కువ. మన దగ్గర సన్మానం పదవిలో ఉన్న మనిషికి జరుగుతుంది. దిగిపోతే దండ ఇంకొకరి మెడకు మారుతుంది.

ఆ ప్రయాణంలో ఒక దుఃఖం కలిసింది. గురువు డ్యూయీని చూడొచ్చని ఎదురుచూశాడు. తొంభై రెండేళ్ల డ్యూయీ జూన్ 1న న్యూయార్క్‌లో చనిపోయాడు. అంబేద్కర్ అప్పటికి దారిలో ఉన్నాడు. తన మేధో జీవితమంతా ఆయనకే రుణపడి ఉందన్న అర్థంలో భార్య సవితకు ఉత్తరం రాశాడు. 1936లో 'కుల నిర్మూలన'లో డ్యూయీని గురువుగా తలుచుకున్న సంగతి ఆ పుస్తకం చదివినవాళ్లకు తెలుసు. ఇంటికొచ్చినట్టు వచ్చేసరికి ఇంటిపెద్ద లేడు.

ఇలా చెప్పి కొలంబియాను ఆకాశానికెత్తితే చరిత్రకారుల పని సగమే అవుతుంది. అదే విశ్వవిద్యాలయంలో 1921లో చేరిన నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అక్కడి వర్ణ వివక్షతో విసిగి ఏడాదిలో వెళ్లిపోయాడు. 1923లో అక్కడే లా పట్టా తీసుకున్న పాల్ రోబ్సన్, మహా గాయకుడు, పాస్‌పోర్టును అమెరికా ప్రభుత్వం 1950లో రద్దు చేసింది. అంబేద్కర్ విమానం న్యూయార్క్‌లో దిగేనాటికి రోబ్సన్ దేశం దాటలేని స్థితిలో ఉన్నాడు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో మానవ హక్కులనే మాట అమెరికా వేదికల మీద దూరదేశపు మనిషి గురించి సులువుగా పలికింది. పక్కనే ఉన్న హార్లెమ్ మనిషి గురించి పలకడం కష్టమైంది. ఎవరి అంటరానివాడు వాళ్లకు కనబడడు. దీనివల్ల జూన్ 5 గౌరవం అబద్ధమైపోదు. దాన్ని ఇచ్చిన చేతుల్ని కూడా చూడాలనే మా మాట.

ఏడు నెలల తర్వాత, 1953 జనవరి 12న, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డి.లిట్. ఇచ్చింది. బతికుండగా ఆయన అందుకున్న గౌరవ డాక్టరేట్లు ఈ రెండే. బి.ఏ. ఇచ్చిన బొంబాయి విశ్వవిద్యాలయం పేరు ఇందులో లేదు. ఆయన ప్రొఫెసర్‌గా చేసింది ఆ ఊళ్లోనే. 1935లో ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయింది ఆ ఊళ్లోనే. తన సొంత విద్యార్థిని పిలవాల్సిన చోటు పిలవలేదు. ఏ తరగతిలోనూ కూర్చోని హైదరాబాద్ పిలిచింది.

హైదరాబాద్ ఎందుకంటే, ఈ నేల మీద అప్పటికే ఒక దళిత చరిత్ర ఉంది. 1906 నుంచి భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల కోసం సంఘం నడిపి, బడులు పెట్టాడు. నిజాం చివరి రోజుల్లో మంత్రిగా విద్యాశాఖ చూసిన బి.ఎస్.వెంకటరావు కాలంలో దళితుల కోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. అంబేద్కర్ కాలేజీ కట్టిన ఔరంగాబాద్ కూడా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఉస్మానియా వాళ్లు ఇవాళ ఆ పట్టాను తమ ఘనతగా చెప్పుకుంటారు. చెప్పుకోవచ్చు. కానీ ఆ ఘనత పుట్టిన బస్తీల పేరు కూడా పక్కన చెప్పాలి.

ఆ ఔరంగాబాద్‌లోనే గౌరవానికి అసలు ధర ఎంతో తేలింది. 1958లో అక్కడ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వెలిసింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978 జూలై 27న మహారాష్ట్ర ఉభయసభలు తీర్మానించాయి. వెంటనే దళితవాడలు తగలబడ్డాయి. మన నిజామాబాద్ జిల్లాకు ఆనుకుని ఉన్న నాందేడ్ జిల్లాలో, తెంబూర్ణి గ్రామంలో పోచీరాం కాంబ్లేను చంపేశారు. శాలువా కప్పడానికి అభ్యంతరం లేనివాళ్లకు బోర్డు మీద పేరు రాస్తే అభ్యంతరం వచ్చింది. శాలువా ఒక మనిషికి. బోర్డు ఆ గేటులోంచి నడిచే అందరిదీ. పదహారేళ్ల పోరాటం తర్వాత 1994 జనవరి 14న పేరు వచ్చింది, అదీ మరాఠ్వాడా అనే మాట తీసేయకుండా. నామాంతరం అడిగితే నామ విస్తరణ ఇచ్చారని అక్కడివాళ్లు అనుకున్నారు. మన దగ్గర 1982లో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో ఆయన పేరు పెట్టారు. కూలికి పోతూ, కండక్టరు ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదివేవాళ్లకు సర్టిఫికెట్ మీద ఆ పేరుండడం చిన్న సంగతి కాదు.

కొలంబియా లైబ్రరీలో అంబేద్కర్ కంచు విగ్రహం 1990ల్లో వచ్చింది. అది బ్రిటన్‌లో స్థిరపడిన అంబేద్కరైట్, బౌద్ధ సంఘాలు ఇచ్చిన కానుక. అంటే పాత విద్యార్థిని విశ్వవిద్యాలయానికి తిరిగి గుర్తు చేసింది ఆయన జనమే. 2004లో 250 ఏళ్ల ఉత్సవాలప్పుడు, కాలానికంటే ముందు నడిచిన కొలంబియన్ల జాబితాలో విశ్వవిద్యాలయం ఆయన పేరు చేర్చింది.

ఆ జాబితాలో గానీ, 1952 ప్రశంసా పత్రంలో గానీ పదకొండున్నర పౌండ్ల ప్రస్తావన ఉండదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. సన్మాన పత్రాల్లో డబ్బు మాట రాదు. డబ్బు మాట ఎక్కడ వస్తుందంటే వేరే కాగితాల్లో. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోతూ రాసిన ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క రాశాడు. లక్షా డెబ్బై ఐదు వేలు. అది తన కుటుంబానికి అందేలా చూడమన్నాడు. అందులోంచి తీర్చాల్సిన ఒక స్నేహితుడి అప్పు సంగతి కూడా రాశాడు.