తప్పు ప్లేటుది కాదు

సంక్రాంతి వెళ్లాక రెండో శుక్రవారం. అరకు సంత విడిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పసుపు బస్తాలు, అల్లం గోనెలు నిండుగా ఎక్కించుకుని ఆ పాత పికప్పు దిగువకు బయల్దేరింది. స్టీరింగు ముందు డ్రైవరు, పక్కన క్లీనరుగా అతని మేనల్లుడు. వెనక బస్తాల మీద సరుకుగల ఇద్దరు రైతులు.

అనంతగిరి దాటాక ఘాట్‌లో ఒక మలుపు దగ్గర కింది నుంచి బస్సు వచ్చింది. దానికి దారివ్వాలని డ్రైవరు బ్రేకు మీద కాలు వేసి, ఎడమ కాలితో క్లచ్ తొక్కాడు. బండి అడుగున ఠప్‌మని ఒక చప్పుడు. పెడల్ నేలకు కరుచుకుపోయింది. తిరిగి పైకి లేవలేదు. గేరులోనే ఉన్న ఇంజను రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

“ఏటైనాది మావా?”

“క్లచ్ పోనాది. దిగు దిగు, ముందు రాయెయ్యి!”

కుర్రాడు దూకి ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు లాగి డ్రైవరు ఊపిరి పీల్చుకున్నాడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పొద్దు వాలితే మంచు కమ్ముతుంది. మలుపులో లోడు బండిని రాత్రంతా వదిలేస్తే ఎక్కే లారీకీ దిగే బస్సుకూ ప్రమాదమే. ఫోనుకు సిగ్నల్ లేదు.

క్లచ్ లేకుండానే దింపుదామని అతను తేల్చుకున్నాడు. బస్తాల మీది ఇద్దరినీ దింపి, వెనక వచ్చిన జీపులో పంపేశాడు. బండి ముందు ఎవరూ లేరని చూసుకున్నాడు. మొదటి గేరు వేసే ఉంచి, కుర్రాడితో రాళ్లు తీయించి, హ్యాండ్‌బ్రేకు వదులుతూ సెల్ఫ్ కొట్టాడు. గేరులో ఉన్న బండికి సెల్ఫ్ కొడితే ఆ మోటారే బండిని ముందుకు తోస్తుంది. దానికి వాలు తోడైంది. ఇంజను అందుకుంది. కుర్రాడు పరిగెత్తి ఎక్కాడు.

ఇది చదివి ఎవరూ ప్రయత్నించవద్దు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఘాట్‌లోనే తిరిగిన మనిషి కాబట్టి చేయగలిగాడు. ఒక్కసారి గేరు ఊడదీసి మళ్లీ పడకపోతే, ఆ వాలులో బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. వేడెక్కిన బ్రేకులు ఎంతసేపు ఆపుతాయో చెప్పలేం. అందుకే అతను కొండ దిగేదాకా న్యూట్రల్ జోలికి పోలేదు. మొదటి గేరులోనే, ఇంజను పట్టుతోనే మెట్టు మెట్టుగా దింపాడు. కింద చదును వచ్చాక మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తేలికచేసి, గేరు పళ్ల మీద ఒత్తిడి తగ్గిన క్షణం చూసి లివరు లాగాడు. జారింది. ఇంజను వేగం తగ్గనిచ్చి రెండోది వేశాడు. పడింది. రాత్రి ఎనిమిది దాటాక ఎస్.కోటలో షెడ్డు ముందు ఇంజను ఆపినప్పుడు అతని చొక్కా చలికాలంలోనూ తడిసిపోయి ఉంది.

షెడ్డు మేస్త్రీకి అరవై దాటాయి. డ్రైవరుకు వరసకు బాబాయి.

“ప్లేటు మళ్లీ పోయినట్టున్నాది బాబాయ్. దసరాకి ముందే కదా ఏయించేను. అంతకు ముందు ఏడాదీ ఏయించేను.”

“ప్లేటు పోతే గేరు పడకపోవడం సరే. పెడలెందుకు సచ్చిపోద్ది? పొద్దున్న సూద్దుం, పడుకో.”

అసలు కథ ఆ పొద్దున్న మొదలైంది. ఎందుకంటే ఆ బండిని అంతకుముందు ఇంకోచోట చూసినవాళ్లు రెండుసార్లూ గేర్‌బాక్స్ దించేసి ప్లేటు మార్చి పంపారు. అడుగున పడుకుని చూసినవాడు లేడు.

అది జీపు వంశానికి చెందిన పికప్పు. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలై 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన కంపెనీ, అమెరికాలోని విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడంతో వాహనాల దారి పట్టింది. ఆ జీపుల్లో క్లచ్‌కు నూనె గొట్టాలు లేవు. పెడల్ నుంచి క్లచ్ దాకా అంతా ఇనుమే. పెడల్ ఒక రాడ్డును లాగుతుంది. ఆ రాడ్డు, ఛాసిస్‌కూ ఇంజనుకూ నడుమ అడ్డంగా ఉన్న ఒక గొట్టాన్ని తిప్పుతుంది. గొట్టానికి రెండో వైపున్న లివరు క్లచ్ ఫోర్కును లాగుతుంది. ఫోర్కు రిలీజ్ బేరింగును ఫింగర్ల మీదకు నెడుతుంది. అప్పుడు ప్లేటు మీది స్ప్రింగుల పట్టు సడలుతుంది.

ఆ అడ్డగొట్టం దగ్గరే పనితనమంతా ఉంది. దాని ఒక కొస ఛాసిస్‌కు బిగించిన ఉక్కు బంతి మీద, రెండో కొస ఇంజను వైపున్న బంతి మీద కూర్చుంటుంది. గతుకుల్లో ఛాసిస్ ఒక తీరుగా మెలిపడుతుంది, రబ్బరు మౌంటింగుల మీద ఇంజను ఇంకో తీరుగా ఊగుతుంది. రెండింటి నడుమ బిగుసుకుపోకుండా గొట్టం కాస్త ఒరగగలగాలి. అందుకే ఆ బంతులు. ఇంత సాదా ఇనుముతో ఇంత ముందుచూపు చూపినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి అనిపిస్తుంది నాకు. అయితే ఆ ఏర్పాటు నిలవాలంటే రెండు కావాలి. బంతి దగ్గర గ్రీజు, ఇంజను కింద గట్టి రబ్బరు. ఈ బండికి రెండూ లేవు. పైగా పుట్టుకతో ఉన్న ఇంజను తీసేసి డీజిల్ ఇంజను ఎక్కించారు. మన దగ్గర పాత జీపులెన్నిటికో జరిగినదే ఇది. డీజిల్ అదురు ఎక్కువ. ఆ అదురంతా ఈ కీళ్లే మోస్తాయి.

మేస్త్రీ గేర్‌బాక్స్ ముట్టుకోలేదు. జాకీతో ఇంజనును కాస్త ఎత్తి, కిందికి వేలాడుతున్న గొట్టాన్ని మళ్లీ బంతుల మీద కూర్చోబెట్టాడు. తర్వాత కుర్రాణ్ని సీట్లో కూర్చోమన్నాడు.

“కాలుతో కాదురా, సేత్తో నొక్కు. నెమ్మదిగా. ఆపమన్నప్పుడు ఆపీ.”

తను బండి కిందికి దూరి ఒక్కో కీలు మీద వేలు పెట్టి ఉంచాడు. పెడల్ కదిలింది, పెడల్ షాఫ్టు కదిలింది, రాడ్డు కదల్లేదు. “ఆపు.” సుద్దముక్కతో గీత పెట్టాడు. “ఇంకొంచెం.” రాడ్డు కదిలింది, గొట్టం కదల్లేదు. మళ్లీ గీత. గొట్టం తిరగడానికి బదులు ముందు పక్కకు ఒరిగింది. ఆ తర్వాత తిరిగింది. అప్పటికీ ఫోర్కు కదల్లేదు. పెడల్ రెండున్నర అంగుళాలు దిగాక గానీ ఫోర్కు కొస చలించలేదు. ఉండాల్సిన ఖాళీ ఒక అంగుళం.

డ్రైవరు వంగి చూస్తూనే ఉన్నాడు. “అడ్జస్ట్‌మెంట్ నట్టు బిగించీసేరు కద బాబాయ్, రెండుసార్లూ.”

“బిగించీసేరు. అందుకే బేరింగు ఎప్పుడూ ఫింగర్ల మీదే తిరుగుతున్నాది. అరుపు ఇనపళ్లేదా నీకు?”

వినపడింది. దాన్ని గేర్‌బాక్స్ చప్పుడనుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. క్లచ్ విడిపోవడానికి రిలీజ్ బేరింగు కదలాల్సింది దాదాపు ఒక సెంటీమీటరు. పెడల్ మాత్రం అంతకు ఎన్నో రెట్లు దిగుతుంది. అంటే ఫోర్కు దగ్గర పిన్ను ఒక మిల్లీమీటరు అరిగితే, ఆ నష్టం కాలి కిందికి వచ్చేసరికి కొన్ని రెట్లవుతుంది. ఒక్కో కీలు విడిగా చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది. ఎవరూ దాన్ని తప్పుపట్టరు. అన్నీ కలిసి పెడల్‌ను తినేస్తాయి. మిగిలిన కదలికతో క్లచ్ సగమే విడుతుంది, గేరు గరగరమంటుంది, నింద ప్లేటు మీద పడుతుంది.

విప్పి గోనెపట్టా మీద పరిచాక చూడాలి ఆ ముక్కల్ని. పిన్ను నడుము దారపు కండెలా సన్నబడిపోయింది. 10 మి.మీ. రంధ్రం కోలగా సాగిపోయింది. ఒకచోట పిన్ను పోతే ఎవరో బోల్టు పెట్టారు. బోల్టు మర రంధ్రాన్ని ఆకురాయిలా కొరికేసింది. పెడల్ బుష్షు పూర్తిగా లేదు, షాఫ్టు మీద దాని గుర్తే ఉంది. ఇంజను వైపు బంతి ఒక పక్క చదునైపోయింది. గొట్టం మూతి వెడల్పయింది. ఇంజను మౌంటింగు రబ్బరు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఆ మలుపులో బ్రేకుకు ఇంజను ముందుకు ఊగింది. వెడల్పైన మూతి నుంచి అరిగిన బంతి జారిపోయింది. ఠప్‌మన్నది అదే.

కొత్త సామాను తెప్పించమన్నాడు డ్రైవరు. మేస్త్రీ మౌంటింగు రబ్బర్లు, రిలీజ్ బేరింగు, బంతి బోల్టులు మాత్రం రాసిచ్చి విశాఖ పంపాడు. మిగతావన్నీ ఊళ్లోనే, లేతు మిషను దగ్గర. సాగిన రంధ్రాలను వెల్డింగుతో నింపి మళ్లీ డ్రిల్లు చేసి, రీమరుతో సాపు చేయించాడు. గట్టి ఉక్కు నుంచి పిన్నులు తీయించాడు. పెడల్ షాఫ్టుకు గన్‌మెటల్ బుష్షులు పోయించి, గ్రీజు వెళ్లేందుకు గాడి తీయించి నిపుల్ పెట్టించాడు. గొట్టం మూతి కోసేసి కొత్త తొడుగు అతికించాడు.

ఆ అతుకు దగ్గర అతను చూపిన ఓపిక గురించి చెప్పకపోతే ఈ గాథ రాసి లాభం లేదు. తొడుగును ముందు రెండు చుక్కల వెల్డింగుతో మాత్రమే నిలిపాడు. కొత్త రబ్బర్ల మీద ఇంజను కూర్చున్నాక గొట్టాన్ని బండికెక్కించి చూశాడు. డీజిల్ ఇంజను ఎక్కించినప్పుడు ఎవరో ఛాసిస్ వైపు బ్రాకెట్టును అంగుళం ముప్పావు కిందికి పెట్టేశారు. గొట్టం మొదటి రోజు నుంచీ వాలుగానే పనిచేసింది. బ్రాకెట్టు కోసి, లెవెల్ పెట్టి, సరైన ఎత్తులో అతికించి, అప్పుడు గానీ తొడుగుకు పూర్తి వెల్డింగు వేయలేదు. కొత్త పార్టు కొని బిగించే ఏ షెడ్డులోనైనా ఈ బ్రాకెట్టు అలాగే ఉండిపోయేది. కొత్త బంతి కూడా అదే పక్కన అరిగేది.

సోమవారం సాయంత్రం పెడల్ ఒక అంగుళం ఖాళీగా దిగి, అక్కడి నుంచి బరువెక్కింది. మేస్త్రీ లాక్‌నట్టు బిగించి, ఇంజను స్టార్ట్ చేయించి రివర్స్ వేయమన్నాడు. గేరు చప్పుడు లేకుండా పడింది. కుర్రాడి చేతికి గ్రీజుగన్ ఇచ్చి నిపుల్స్ ఎక్కడెక్కడున్నాయో బండి కింద పడుకోబెట్టి చూపించాడు.

“నెలకోపాలి. వానలొస్తే పక్షానికోపాలి. మీ మావకి గుర్తుండదు, నీదే పూచీ.”

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాక డ్రైవరు సీటు కింద నుంచి గోనెగుడ్డలో చుట్టిన ఒక మూట తీశాడు. దసరాకు ముందు విప్పేసిన ప్లేటు అది. మేస్త్రీ దాన్ని వెలుతురుకు పట్టి, బొటనవేలి గోరుతో రివెట్ల లోతు చూశాడు. లైనింగు రివెట్ల మీద ఇంకా మందంగా ఉంది.

“దీన్ని పారీకు,” అన్నాడు మళ్లీ చుట్టిస్తూ. “ఇప్పుడున్నది అరిగినాక ఇదే ఎక్కించుదుం.”