నిర్వానా పేరే ఎందుకు నిలిచింది?

1990ల రాక్ అనగానే అందరి నోటా వచ్చే పేరు నిర్వానా. కానీ సియాటిల్‌లో గ్రంజ్ వాళ్లతో మొదలవ్వలేదు. గ్రీన్ రివర్, సౌండ్‌గార్డెన్ 1984 నుంచే ఉన్నాయి. మరి ఈ పేరే ఎందుకు నిలిచింది?

అంతకుముందు అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టు ఎలా తయారయ్యేదంటే, ఏవి బాగా పోతున్నాయో షాపులవాళ్లు చెప్పేవాళ్లు. వాళ్లు చెప్పిందే లెక్క. 1991 మే నెలలో సౌండ్‌స్కాన్ అనే పద్ధతి వచ్చింది. ఇక కౌంటర్ దగ్గర బార్‌కోడ్ స్కాన్ అయిందే లెక్క.

అక్కడ చూడండి, చార్టు ముఖమే మారిపోయింది. జూన్‌లో ఎన్.డబ్ల్యూ.ఏ. ర్యాప్ ఆల్బమ్, ఆగస్టులో మెటాలికా ఒకటో స్థానంలో కూర్చున్నాయి. సెప్టెంబర్ 24న నిర్వానా ‘నెవర్‌మైండ్’ విడుదలైంది. 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ని దించేసి ఒకటో స్థానానికి వెళ్లింది.

పాటలో బలం లేకపోతే ఏ లెక్కా నిలబెట్టదు, నిజమే. కానీ ‘రాత్రికి రాత్రే కాలం మారిపోయింది’ అని మనం చెప్పుకునేదాంట్లో లెక్కపెట్టే పద్ధతి మారడం కూడా ఒక భాగం. ఆ సంగీతం వినేవాళ్లు ముందునుంచీ ఉన్నారు, లెక్కలోకి సరిగ్గా రాలేదంతే.

అందుకే ‘అప్పట్లో అందరూ ఈ బ్యాండే విన్నారు’ అని ఎవరైనా అంటే, ఆ లెక్క ఎవరు రాశారో ఒకసారి అడగండి.