రేడియేటర్ నీళ్లు విషమెప్పుడయ్యాయి?

మెట్టుపాళయం దాటి కూనూరు ఘాటెక్కే పాత బస్సుల్లో నీళ్ల డబ్బా తప్పకుండా ఉండేది. ఇంజిన్ కాగి పొగలు కక్కితే బండి పక్కకు తీసి, క్లీనర్ వాగు దగ్గరికి పరిగెత్తేవాడు. ఆ నీళ్లే రేడియేటర్‌కు, ఆ నీళ్లే ప్రయాణికుల దాహానికి.

కోయంబత్తూరు తెలుగువాళ్లకు మోటారు పరిచయమైంది ఆ కాలంలోనే. విజయనగర, నాయకరాజుల కాలాల్లో ఇటు తరలివచ్చి సేద్యంలో స్థిరపడిన కుటుంబాలవి. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి–పళని దారిలో ఒక్క బస్సుతో మొదలుపెట్టాడు. అదే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. ఇళ్లలో తెలుగు, షెడ్డులో తమిళం మాట్లాడే మెకానిక్‌లు ఆ తరం నుంచే వచ్చారు. రేడియేటర్ అంటే నీళ్లు అన్న అలవాటు కూడా అప్పటిదే.

ఇథిలీన్ గ్లైకాల్ అంతకుముందే పుట్టింది. ఫ్రెంచి రసాయనవేత్త షార్ల్ అడోల్ఫ్ వుర్ట్జ్ 1856లో దాన్ని తయారుచేశాడు. చాలాకాలం దానితో ఎవరికీ పనిపడలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో గ్లిజరిన్ కరువైనప్పుడు పేలుడు పదార్థాలకు వాడారు. చలిదేశాల్లో రేడియేటర్ నీళ్లు గడ్డకట్టకుండా ఆల్కహాల్ కలిపేవారు, అది వేడికి ఆవిరైపోయేది. గ్లైకాల్ మరిగేది 197 డిగ్రీల దగ్గర. అందుకే అమెరికాలో 1927లో ‘ప్రెస్టోన్’ పేరుతో అమ్మకానికొచ్చింది.

మంచు పడని కోయంబత్తూరు వైపు గ్లైకాల్ అవసరమేమిటి? బోరునీళ్ల ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది, అల్యూమినియం తినేస్తుంది. గ్లైకాల్ కలిపి చేసే కూలెంట్‌లోని మందులు తుప్పు ఆపుతాయి, అందులోని గ్లైకాల్ నీళ్లను త్వరగా మరగనివ్వదు. ఇంజిన్‌కు మేలే. కానీ డబ్బాలో ఉన్నది మారినా, దాన్ని పట్టుకునే చెయ్యి మారలేదు. మిగిలింది లీటరు నీళ్ల సీసాలోకి వంచి షెల్ఫులో పెడతారు. ఆకుపచ్చో, గులాబీయో రంగు, తియ్యని రుచి: పసిపిల్లవాడికి అది షర్బతు. నేల మీద కారినది కుక్కా పిల్లీ నాకేస్తాయి. నాకు కోపం తెప్పించేది ఆ సీసానే.

కడుపులోకి వెళ్లాక మొదటి గంటల్లో తాగినవాడిలా తూలుతారు, మాట ముద్దవుతుంది. ‘బాగా తాగినట్టున్నాడు, పడుకోనీ’ అని ఇంట్లోవాళ్లు వదిలేస్తే పోయే కాలమే అసలైన కాలం. కాలేయంలోని ఎంజైము గ్లైకాల్‌ను గ్లైకోలిక్ ఆమ్లంగా, చివరికి ఆక్సాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. రక్తం ఆమ్లమయమై ఊపిరి బరువెక్కుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాల్లో గుచ్చుకుంటుంది. రెండు మూడు రోజుల్లో మూత్రం ఆగిపోతుంది. పెద్దవాళ్లకైనా 100 మిల్లీలీటర్లు ప్రాణం తీయగలవు.

చర్మానికి అంటితే ఇంత ముప్పు లేదు, సబ్బుతో కడిగితే చాలు. షెడ్డులో ఎక్కువగా జరిగేది కాలడం. ఒత్తిడితో ఉన్న వేడి ద్రవం, మూత తిప్పగానే ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ చల్లారేదాకా మూత ముట్టకూడదు.

ఇథిలీన్ గ్లైకాల్ తోబుట్టువు డైఇథిలీన్ గ్లైకాల్ అమెరికాలో 1937లో ఒక మందులో కలిసి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2025లో తమిళనాడులోనే తయారైన దగ్గుమందులో అది తేలింది. ఆ మందు తాగి మధ్యప్రదేశ్‌లో పసిపిల్లలు చనిపోయారు.

ఎవరైనా కూలెంట్ మింగారనిపిస్తే వాంతి చేయించకూడదు. లక్షణాలకోసం ఎదురుచూడకూడదు. డబ్బాతో సహా డయాలిసిస్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ఫోమెపిజోల్ అనే మందు గానీ, కొలతగా ఇథనాల్ గానీ ఇచ్చి కాలేయ ఎంజైమును అడ్డుకుంటారు, గ్లైకాల్ విషంగా మారకముందే డయాలిసిస్‌తో తోడేస్తారు. ఇది వైద్యులు రక్తపరీక్షలు చూస్తూ చేసే పని, ఇంట్లో సారా తాగించడం కాదు. సమయానికి చేరితే చాలామందికి మూత్రపిండాలు కొన్ని వారాల్లో మళ్లీ పనిచేస్తాయి.