కంట్రోలు పంచదార

సంక్రాంతి వెళ్లిన వారానికి డాక్టరుగారు నన్ను కాటా ఎక్కించారు. 84 కిలోలు. నడుము కొలిస్తే 104 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాడికి 90 దాటకూడదట. "తీపి మానేయండి, బేకరీ సరుకు ముట్టుకోకండి, ఆరు కిలోలు తగ్గి కనబడండి" అన్నారు. సరేనని తలూపి మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. ఒకప్పుడు ఒక తాలూకా మొత్తానికి పంచదార కొలిచి ఇచ్చినవాణ్ణి. ఇప్పుడు నా ఒక్కడి నోటికి కొలత పెట్టుకోవాలట.

1973లో గోదావరి జిల్లాలో ఒక తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేరాను. పౌర సరఫరాల సీటు ఇచ్చారు. బియ్యం, కిరసనాయిలు, పంచదార నా చేతి మీదుగా వెళ్లేవి. మిగతా రెండింటి కోసం వచ్చేవాళ్లు దిగులు మొహాలతో వచ్చేవారు. పంచదార కోసం వచ్చేవాళ్లు మాత్రం పసుపు పూసిన శుభలేఖతో వచ్చేవారు.

పద్ధతి ఇదీ. 1967 నుంచి మిల్లులు తీసిన పంచదారలో కొంత వాటాను ప్రభుత్వం లెవీగా తక్కువ ధరకు తీసుకునేది. మొదట్లో ఆ వాటా నూటికి 60. మిగతాది మిల్లువాళ్లు బజార్లో అమ్ముకోవచ్చు. లెవీ పంచదారే కార్డుల మీద కంట్రోలు కొట్టుకి వచ్చేది. పెళ్లికి అదనంగా కావాలంటే అర్జీ పెట్టి, దానికి శుభలేఖ జతచేయాలి. "ఎంతమందికండీ భోజనాలు?" అని అడిగేవాణ్ణి. మూడొందల మంది వచ్చే పెళ్లికి వెయ్యి అనేవారు. తాసీల్దారుగారు ఆ అంకె సగానికి కొట్టేసేవారు. ఆయన కొట్టేస్తారని వాళ్లకు తెలుసు గనుక ముందే రెట్టించి చెప్పేవారు. వాళ్లు రెట్టిస్తారని ఆయనకూ తెలుసు. ఈ నాటకమంతా అయ్యాక నేను పర్మిట్టు రాసి, కార్బన్ కాపీ దాచుకునేవాణ్ణి.

కంట్రోలు అన్న మాట మా నాన్న తరానిది. యుద్ధం రోజుల్లో, 1942లో, పంచదార మీద మొదటిసారి కంట్రోలు పెట్టారు. గాంధీగారు కంట్రోళ్లన్నీ ఎత్తేయమని పట్టుబడితే 1947 డిసెంబరులో తీసేశారు. రెండేళ్లు తిరక్కుండా 1949లో మళ్లీ పెట్టారు. ప్రభుత్వాలు మారాయి, ఆర్డర్లు మారాయి, ఆ మాట మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. ఇప్పటికీ మా వీధిలో కంట్రోలు బియ్యమనే అంటారు. నోటికి కంట్రోలు ఉండాలని మా ఆవిడ అన్నప్పుడల్లా నాకు గోనె సంచుల వాసన గుర్తొస్తుంది.

మా నాయనమ్మ కాలంలో ఇంట్లో తీపి అంటే బెల్లం. తెల్ల పంచదార చాలామటుకు జావా నుంచి ఓడల్లో వచ్చేది. మన దగ్గర సామర్లకోటలో పంతొమ్మిదో శతాబ్దం చివరికే పంచదార శుద్ధిచేసే కర్మాగారం ఉంది. కానీ దేశం మొత్తం మీద 1931-32లో ఉన్న మిల్లులు ముప్పై చిల్లరే. 1932లో దిగుమతి సుంకం వేసి దేశీ మిల్లులకు అండ ఇచ్చాక, నాలుగైదేళ్లలో అవి 130 దాటాయి. అయినా మా ఇంట్లో పంచదార డబ్బా బీరువాలోనే ఉండేది. చుట్టాలొస్తే కాఫీకి తీసి, మళ్లీ తాళం వేసేది నాయనమ్మ.

మరి ఆవిడ సన్నగా ఉండేదంటే నిగ్రహం వల్లా? నేను అలా అనుకోను. అరిసె తినాలంటే ఏం చేయాలో ఆలోచించండి. కొత్త బియ్యం నానబోసి, నీళ్లు వంచి, తడి ఆరకముందే రోట్లో దంచి జల్లించాలి. బెల్లం పాకం పట్టాలి. చెంబు నీళ్లలో చుక్క వేస్తే ఉండ కట్టాలి. కాస్త లేతైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. పాకంలో పిండి పోస్తూ ఆపకుండా తెడ్డుతో కలపాలి, అది ఒక్కరి చేతికి లొంగే పని కాదు. ఇరుగూ పొరుగూ వస్తేనే గానీ అవదు. మూకుట్లోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండేవారు. నొక్కడం మా పిల్లల వంతు, చేతులు లాగేసేవి. ఇంత చాకిరీ ఏడాదికోసారి కాక నెలనెలా ఎవరు చేస్తారు? పైగా చేసినవాటిలో సగం పంపకాలకే పోయేవి. సారె వచ్చినా ఇంటికో అరిసె, రెండు సున్నుండలు అందితే గొప్ప. తీపిని ఎవరూ కాదనుకోలేదు. అదే రోజూ దొరికేది కాదు.

1965లో అప్పటి ప్రధాని శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. నాకు పదిహేనేళ్లు. మా అమ్మ పొయ్యి వెలిగించలేదు, హోటళ్లు మూసేశారు. ఆకలి వేసింది గానీ బాధ అనిపించలేదు, ఊరంతా మానేసింది మరి. ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే మానాలి. మనవడు నా ఎదురుగా కూర్చుని క్రీమ్ బన్ను తింటాడు.

తాపేశ్వరం మడత కాజా మా అర్జీదారుల్లో చాలామందికి పెళ్లి మర్యాద. పోలిశెట్టి సత్తిరాజుగారి చేతి మీదుగా ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. మైదా పిండిని పల్చగా వత్తి, పొరలు పొరలుగా చుట్టి, ముక్కలు కోసి, నిదానంగా వేయించి, పాకంలో వేస్తారు. కొరికితే పొరల మధ్య నుంచి పాకం కారాలి. ఇంట్లో ఎవరూ చేయలేరు, కొట్టు నుంచి తేవాల్సిందే. నా లెక్కలో మన తీపి చరిత్ర మలుపు తిరిగింది అక్కడే. చాకిరీ కొట్టువాడిది అయ్యాక పండగ కోసం ఆగే పని లేకుండా పోయింది. ఆ ఊరివాళ్లే 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. నేను రాసిన పెళ్లి పర్మిట్లన్నీ కలిపినా దాని పాకానికి చాలేవో లేదో.

ఆత్రేయపురం పూతరేకుది ఇంకో మోసం. బోర్లించిన వేడి కుండ మీద, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన బట్టను ఒక్కసారి లాగితే కాగితమంత రేకు లేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రావులపాలెం దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచే పెట్టె చేతికిస్తారు. రేకుకు బరువెక్కడిదని నాలుగు లాగించేవాణ్ణి. మడతల్లో ఉన్న నెయ్యి లెక్క ఇప్పుడు డాక్టరుగారు చెబుతున్నారు.

1978 ఆగస్టులో పంచదార మీద కంట్రోలు పూర్తిగా ఎత్తేశారు. ధర పడిపోయింది, నా బల్ల ఖాళీ అయింది. శుభలేఖలు ఇచ్చేవాళ్లు లేరు, నమస్కారాలూ తగ్గాయి. మరుసటి ఏడాది చెరకు తగ్గి ధర మండిపోతే డిసెంబరులో లెవీ మళ్లీ వచ్చింది. నిజం చెప్పొద్దూ, సంతోషించాను. 1980లలో కేంద్రం లెక్క తలకు నెలకు 425 గ్రాములు, అంటే రోజుకు 14. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో రోజుకు 25 గ్రాముల లోపైతే మేలన్నది. ఢిల్లీ గుమస్తాలు అంతకన్నా గట్టిగానే బిగించారన్నమాట, ఆరోగ్యం కోసం కాదు, సరుకు లేక. చేతిలో డబ్బున్నవాడు బజార్లో కొనుక్కునేవాడు, అది వేరే సంగతి. మిల్లుల మీద లెవీ 2013లో పోయింది. అప్పటికి నేను రిటైరై అయిదేళ్లు.

ఇప్పుడు మా ఇంట్లో డబ్బా తాళం మా ఆవిడ చేతిలో ఉంది. మొన్న బంధువుల పెళ్లి నుంచి కాజాల పెట్టె వచ్చింది. ఒకటి అడిగితే, "అర్జీ ఏదండీ?" అంది. పెట్టె పనమ్మాయికిచ్చి పంపేసింది.

రెండు నెలలకు మళ్లీ కాటా ఎక్కాను. 83 కిలోల 200 గ్రాములు. డాక్టరుగారు పెదవి విరిచారు. ఎనిమిది వందల గ్రాములు, దాదాపు బస్తా సరుకు మీద. ఆ మాత్రం తరుగు చూపించిన డీలర్లను నేనైతే ఏమీ అనేవాణ్ణి కాను.